దేవుడి గిన్నెలోని తేట నూనె

నీలిమబ్బు రంగును ఒంటినిండా ధరించి, పెదవులకు వెన్న అంటించుకుని నవ్వే నా స్వామికి ముందుగా దణ్ణం. ఎండలో మాడ్చేవాడూ ఆయనే, వానలో తడిపేవాడూ ఆయనే. మనిషికి చర్మం ఇచ్చి, ఆ చర్మానికి చెమట ఇచ్చి, చిన్న గింజ లోపల చుక్క నూనె దాచిపెట్టినవాడూ ఆయనే. ఒక చిన్నపిల్ల ముఖం మీద తన రంగును నిలవనిచ్చి, మళ్ళీ ఆ రంగును నొప్పి లేకుండా తుడవనిచ్చిన దయామయుడు. ఆయన పేరు తలచుకోకుండా ఈ ముచ్చట మొదలుపెట్టడం నాకు చేతకాదు.

మాది వరంగల్ చౌరస్తాకు దగ్గరలో నూనెల దుకాణం. ముందు దుకాణం, వెనుక ఇల్లు, మధ్యలో ఒక గోనె పరదా. పరదాకు అటువైపు బేరం, ఇటువైపు వంట. వాసన మాత్రం రెండు వైపులా ఒకటే. గానుగ నుంచి వచ్చిన నువ్వుల నూనె, పల్లి నూనె, కుసుమ నూనె, ఆముదం రేకు డబ్బాల్లో గోడ వెంబడి వరుసగా నిలబడి ఉండేవి. వానాకాలం మధ్యాహ్నాల్లో పరదా సందులోంచి వచ్చే వెలుతురు వాటి మీద పడి, ఇల్లంతా పలచని పసుపురంగు నీళ్ళలో మునిగినట్టు కనిపించేది. ఆ నీళ్ళ అడుగున చాప వేసుకుని నేను నిద్రపోయేదాన్ని. ఇప్పటికీ నా కలలు కొన్ని ఆ రంగులోనే వస్తాయి.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కొత్త డబ్బా మూత తీయగానే మా నాన్న, ఆయన్ని మేం బాపు అనేవాళ్ళం, గరిటె ముంచి పైన తేరిన తేట నూనెను ముందు ఒక చిన్న ఇత్తడి గిన్నెలోకి తీసేవాడు. అది దేవుడి గిన్నె. దాన్ని బాపు తల్లి, మా బాపమ్మ, రెండు చేతులా పట్టుకుని దేవుడి గూటిలో పెట్టేది. ఏ నూనె డబ్బా తెరిచినా అంతే. ఆ తర్వాత మిగిలిన తేట అంతా గిరాకీకి. డబ్బా వంచినా గరిటెకు అందక, అడుగున చిక్కగా మబ్బుగా మిగిలే మడ్డి మాత్రం పరదా దాటి ఇంట్లోకి వచ్చేది. మా కూరల్లో అదే, మా తలలకు అదే, కిర్రుమనే తలుపులకూ అదే. మాకది లోటుగా ఎప్పుడూ తోచలేదు. నూనె అమ్మే ఇంట్లో పుట్టిన నేను తేట నూనెతో వండిన కూర రుచి పెళ్ళయ్యాకే చూశాను.

నాకు పాలు మరవని వయసులో అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, కళ్ళు మూసుకుపోయాయట. మా వాడ వెనుక భజన మందిరంలో కృష్ణుడి ముందు బాపమ్మ కొంగు పరిచి మొక్కుకుంది. పిల్ల బతికితే, దానికి ఊహ తెలిశాక మూడు కృష్ణాష్టములు నీ వేషం కట్టించి ఉట్టి కింద నిలబెడతానని. స్వామి నన్ను బతికించాడు. కనుబొమ్మ పక్కన ఒక్క గుంట తప్ప ముఖం మీద మచ్చ కూడా మిగల్చలేదు. "ఇది నీ ముఖం కాదు బిడ్డా, దేవుడు వాపసిచ్చిన ముఖం," అనేది బాపమ్మ నా చుబుకం పట్టుకుని. ఆ మాట విన్నప్పుడల్లా నా ముఖాన్ని నేనెక్కడో అరువు తెచ్చుకుని పెట్టుకున్నట్టు, జాగ్రత్తగా నడిచేదాన్ని.

నేను బడిలో చేరిన ఏడు మొదటి వేషం. మందిరంలో పండుగలకు రంగులు పూసే తాత ఒకాయన ఉండేవాడు. వయసులో భాగోతాలు ఆడినవాడట. నీలిరంగు పొడినీ సఫేదా అనే తెల్లపొడినీ కొబ్బరినూనెలో నూరి, ముఖానికీ చేతులకూ పట్టించాడు. నెమలి ఈక, పట్టు పంచె, చేతిలో వెదురు పిల్లంగోవి. పండుగ మర్నాడు పగటిపూట ఉట్టి కొట్టేవాళ్ళు. వాడంతా నా కాళ్ళకు మొక్కింది. అందరికంటే ముందు మోకాళ్ళ మీద వంగి నా పాదాలకు నొసలు ఆనించింది బాపమ్మే.

రంగు తీసేటప్పుడు తిప్పలు వచ్చాయి. సబ్బు పెట్టి ఎంత తోమినా నీళ్ళు జారిపోతున్నాయి తప్ప నీలం కదలలేదు. తాత నవ్వి, "జర్రంత గ్యాస్‌నూనె తేండ్రి, చిటికెల పోతది," అన్నాడు. దీపాల్లో పోసే కిరోసిన్ అది.

"పిల్ల ముఖమా, కందిలి బుడ్డా?" అని అమ్మ ఆయన మీద ఎగిరింది.

అప్పుడు బాపమ్మ లోపలి నుంచి ఇంటి వాడకం నువ్వుల నూనె తెచ్చి నా ముఖానికి రుద్దింది. రంగు వదిలింది. నూనె మాత్రం తుడవనివ్వలేదు. "నూనె మంచిదే, గుంజుకోని," అంది. శ్రావణం. వాన పడి ఆగితే నేలలోంచి ఆవిరి పైకి లేచే రోజులు. పల్చటి గాలి కూడా లేదు. ఆ నూనె, దాని మీద చెమట, దాని మీద నిద్ర. కొద్ది రోజుల్లో నా చెంపలు, నొసలు, కంటి రెప్పల అంచులు కూడా సెగగడ్డలతో నిండిపోయాయి. అమ్మ నన్ను ఎత్తుకుని హనుమకొండ దవాఖానకు తిరిగింది. తగ్గడానికి పండుగలు చాలా దాటాయి. అద్దం చూసుకున్నప్పుడు, దేవుడు తన ముఖం తాను వెనక్కి తీసుకుంటున్నాడేమో అనుకునేదాన్ని.

మరుసటి శ్రావణం వచ్చింది. బాపమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, చేట మీంచి కళ్ళు ఎత్తకుండా మొదలుపెట్టింది.

"పండుగొస్తాంది పిల్లా."

"రానియ్యిండ్రి అత్తమ్మా. పండుగ మీద నాకేం కోపం లేదు," అంది అమ్మ పొయ్యి దగ్గరి నుంచి.

"వేషం సంగతి?"

"వేరే పిల్లకు కట్టియ్యిండ్రి."

"మొక్కింది దీని కోసం. ఇంకోళ్ళ పిల్లను నిలబెడితే దేవుడు గుర్తువట్టడా?"

"గడ్డలు లేచి కండ్లు తెరవకుంట ఏడ్చింది గూడ ఇదే. గప్పుడు గుర్తువట్టలేదా?"

పరదా అవతలి నుంచి బాపు గొంతు వచ్చింది. "జర మెల్లగ. గిరాకి నిలవడ్డది."

"నువ్వు నూనె కొలువు కొడుకా. ఇది నీకు సమజ్ గాదు," అంది బాపమ్మ.

అమ్మ చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "ఇంకొక్క మాటన్నరంటే పిల్లను తీస్కొని పొద్దుగాల బండికే డోర్నకల్ పోత." డోర్నకల్ అమ్మ పుట్టిల్లు.

ఆ పూట బాపమ్మ అన్నం ముందు కూర్చుంది కానీ ముద్ద ఎత్తలేదు. మొక్కు సగంలో ఆగితే, ఇచ్చిన ప్రాణం స్వామి తిరిగి అడుగుతాడని ఆమె భయం. మళ్ళీ గడ్డలు లేస్తే ఈసారి కళ్ళకే ఎసరు వస్తుందని అమ్మ భయం. ఇద్దరూ నా కోసమే భయపడుతున్నారు. ఇద్దరి మధ్యా నేను నోట్లో కొంగు కొస పెట్టుకుని నిలబడ్డాను. ఎవరి కొంగో గుర్తు లేదు.

పొద్దున అమ్మ తనంతట తానే దిగివచ్చింది. డోర్నకల్ బండి కూత పెట్టి వెళ్ళిపోయినా అమ్మ కదలలేదు. "అత్తమ్మా, రంగు సంగతి తర్వాత. ముందు దాన్ని తీసే నూనె ఏదో తేల్చుండ్రి. ఈ ఉక్కపోతల చర్మానికి అతుక్కోనిది గావాలె. కడిగితే పోవాలె. ముందు పెద్దోళ్ళ మీద చూసి, ఏం కాకుంటేనే పిల్ల మీదికి."

బాపమ్మ ముఖం వెలిగింది. "గంతేనా? నా చెంప లేదా?"

అలా మా ఇంట్లో ఎన్నడూ లేని పని మొదలైంది. తాత దగ్గర అడిగి తెచ్చిన నీలాన్ని బాపమ్మ తన చెంప మీద అణా బిళ్ళంత పూసుకుని, వాకిట్లో పీట మీద కూర్చునేది. ఒక పూట ఆరనిచ్చి, ఒక నూనెతో తుడిచేది. మొదట ఆముదం. అది రంగును వదిలించకపోగా తానే పట్టుకుంది. బాపమ్మ ముఖం బెల్లం పాకంలా మెరిసి, ఈగలు వచ్చి వాలాయి. తర్వాత పల్లి నూనె. రంగు వచ్చింది కానీ, పరదా తీసి లోపలికి వచ్చిన బాపు గాలి పీల్చి, "అమ్మా, నువ్వు మిర్చీల బండి లెక్క వాసనొస్తానవ్," అన్నాడు. కొత్తవాడ నుంచి ఆముదం కోసం వచ్చే ఒక జంపఖానాల నేతగత్తె బాపమ్మను చూసి ఆగిపోయింది.

"పెద్దమ్మా, చెంపకేమైంది? ఎవలన్న కొట్టిండ్రా?"

"దేవుడు ముద్దు వెట్టిండు బిడ్డా," అంది బాపమ్మ. "మూతి తుడుసుకోకుంట వెట్టిండు."

రెండు మూడు నూనెలయ్యాక అమ్మ పెదవి విరిచింది. "మీ చర్మం ఎండకు ముదిరిపోయింది అత్తమ్మా. దాని మీద మంచీ చెడ్డా ఏం తెలుస్తది? నా చెంప మీద చూద్దాం." ఆ మాట అన్నందుకు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఫక్కున నవ్వారు. తలుపు దగ్గర ఒక నీలి చెంప, పొయ్యి దగ్గర ఒక నీలి చెంప. ఆ శ్రావణం అంతా మా ఇల్లు నాకు గోకులంలా అనిపించింది. స్వామి వచ్చి ఒక్కొక్కరి బుగ్గకు తన బుగ్గ ఆనించి వెళ్ళినట్టు.

కొబ్బరినూనె అమ్మ చెంప మీద తేలికగానే జారింది. మర్నాటికి దవడ అంచున చిటపటలాడే పొక్కులు వచ్చాయి. నువ్వుల నూనె రంగును బాగా లాగింది, కానీ చెంప వేడెక్కి ఎర్రబడింది. చివరికి కుసుమ నూనె. అది వేళ్ళ మధ్య నీళ్ళలా పలచగా నడిచేది. వాసన లేదు, జిడ్డు తక్కువ. నీలం దానిలోకి చెప్పినట్టు దిగివచ్చింది. ఇదేనని బాపమ్మ చేతులు జోడించింది. రెండు పొద్దులు గడిచాక అమ్మ చెంప తడుముకుని బాపమ్మ వేళ్ళను తన చెంప మీద పెట్టింది. ఇసుక రాలినట్టు సన్నగా గరుకు.

"అయితే స్వామి వేషం వద్దన్నట్టే," అంది బాపమ్మ. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మందిరంలో పురాణం చెప్పే అయ్యగారి కథల్లో దేవుడు వరం వెనక్కి తీసుకున్నప్పుడు అందరూ ఇలాగే మాట్లాడేవారు.

అమ్మ మాత్రం దండెం మీద ఆరేసిన తుడుపు గుడ్డను చూస్తూ నిలబడింది. తెల్ల ధోవతి నుంచి చింపిన ముక్క అది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టింది. నీలం మధ్యలో నల్లగా, బూడిదగా, నూక లాంటి నలుసులు. గింజ పొట్టు, గానుగ మట్టి. వంటింట్లోని కుసుమ నూనె గిన్నెలో వేలు ముంచింది. వేలి కొస కనబడలేదు. అక్కడి నుంచి దేవుడి గూటి దగ్గరికి నడిచింది. నేను కొంగు పట్టుకుని వెనకే వెళ్ళాను. ఆ వారమే కొత్త కుసుమ డబ్బా తెరిచారు. దేవుడి గిన్నె అడుగున ఒక తామర పువ్వు చెక్కి ఉంటుంది. నిండా నూనె ఉన్నా ఆ పువ్వు రేకులు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి, ఊటనీళ్ళలో కనిపించినట్టు.

"అత్తమ్మా, మనం ఇన్ని దినాలు చెంపలకు పూసుకున్నది మడ్డి."

"మరింకేంది? ఇంట్ల ఉండేది మడ్డే గద. తేట దేవునికి, గిరాకికి. మా అత్త ఇంటికొచ్చిననాటి నుంచి గంతే."

"ఈ గిన్నెలది జర ఇయ్యిండ్రి."

బాపమ్మ ఉలిక్కిపడింది. "దేవుని సొమ్ము! ముట్టుకుంటే కండ్లు పోతయి."

అమ్మ గొంతు తగ్గించింది. "అత్తమ్మా, రంగు పూసినంక పిల్ల ముఖం ఎవరిది?"

బాపమ్మ కళ్ళు నా వైపు తిరిగాయి.

"పోయినేడు దీని కాళ్ళ మీద పడ్డది మీరే గద. కాళ్ళు దేవునియి, చెంపలు మనయా?"

బయట వాన మొదలైంది. రేకు చూరు మీద మొదటి చినుకులు విడివిడిగా, తర్వాత కలిసిపోయి పడ్డాయి. బాపమ్మ గడప మీద కూర్చుంది. నన్ను దగ్గరికి పిలిచి, నా చెంపల మీద పాత గడ్డల లేత మచ్చలను బొటనవేలితో ఒక్కొక్కటే తాకింది. తాకుతూ, తాకుతూ, ఎవరితోనో చెప్పుకున్నట్టు అంది. "స్వామి ముఖానికి మడ్డి పూసిన్నా నేను. గుడిల రాతికి తేట, నా ముంగట నిలవడ్డ దేవునికి మడ్డి."

ఆమె లేచి కాళ్ళు కడుక్కుంది. దేవుడి గూటి ముందు చాలాసేపు నిలబడింది. ఏం అడిగిందో నాకు తెలియదు. గిన్నె తీసుకుని వచ్చి అమ్మ చేతిలో పెట్టింది. ఆ పూట అమ్మ మళ్ళీ చెంపకు రంగు పూసుకుంది. తేట నూనెతో తీసింది. తీసి ఊరుకోలేదు. పెసరపిండి పలచగా కలిపి దానితో నూనెను కూడా తీసేసి, గోరువెచ్చని నీళ్ళతో కడిగింది. "రంగును నూనె తీస్కపోవాలె, నూనెను పిండి తీస్కపోవాలె. ఈ కాలంల ముఖం మీద ఏదీ కాపురం పెట్టొద్దు," అంది. ఈసారి బాపమ్మ అడ్డు చెప్పలేదు. పండుగ నాటికి అమ్మ చెంప తమలపాకులా ఉంది.

నాకు వేషం కట్టారు. ఈసారి తాత రంగును కూడా దేవుడి గిన్నెలోని నూనెతోనే నూరాడు. ఉట్టి రోజు వాన, ఎండ కలిసే వచ్చాయి. ఎవరి భుజం మీదో ఎక్కి ఉట్టిని పిల్లంగోవితో కొట్టాను. కుండ పగిలి పెరుగు, పసుపు నీళ్ళు, అటుకులు నా మీద పడ్డాయి. కింద తాళాలు, పైన మబ్బు, మధ్యలో నేను. నేనెవరో కాసేపు నాకు తెలియలేదు. అంతటి నిశ్శబ్దాన్ని ఆ తర్వాత ఎన్నో భజనల్లో వెతుక్కున్నాను, అప్పుడప్పుడూ దొరికింది.

సందెపొద్దు వేళ అమ్మ నన్ను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టింది. బాపమ్మ గిన్నె పట్టుకుని వంచుతోంది, చుక్క చుక్కగా. నూనె నొసటి మీద పడి, దారి వెతుక్కుంటున్నట్టు ఆగి ఆగి కిందికి జారింది. అమ్మ ఉంగరపు వేలు దాని వెంట సున్నాలు చుట్టింది. కళ్ళు మూసుకున్నాను. రెప్పల మీద ఎవరో ఊపిరి వదిలినంత మెత్తగా ఆ వేలు తిరిగింది. అమ్మ గొంతులో మందిరం కీర్తన, మాటలు లేకుండా, ఉత్త రాగంగా. కళ్ళు తెరిచి ముందున్న ఇత్తడి తాంబాళంలో చూసుకున్నాను. సగం ముఖం నీలం, సగం నాది. రెండూ నన్నే చూస్తున్నాయి.

"దేవుడు ఎటు పోతాండు అమ్మా?" అని అడిగాను.

"ఎటూ పోడు. స్నానం చేస్తాండు," అంది బాపమ్మ.

కడిగిన నీలి నీళ్ళను ఆమె మోరీలో పోయనివ్వలేదు. తాంబాళం ఎత్తి తులసి కోట మొదట్లో పోసింది. నూనె తేలి, నీలం సుడులు తిరిగి, మట్టిలోకి నెమ్మదిగా దిగిపోవడం చూస్తూ అక్కడే ఒరిగి నిద్రపోయాను.

ఆ తర్వాత రోజూ పొద్దున నేను కళ్ళు తెరిచేసరికి బాపమ్మ చేతి వెనుక భాగం నా చెంప మీద ఉండేది. ఉక్కపోత అలాగే ఉంది, చెమట అలాగే ఉంది. శ్రావణం వెళ్ళింది, భాద్రపదం వెళ్ళింది. చెంప నున్నగానే ఉంది. ఒక పొద్దున ఆ చెయ్యి రాలేదు. లేచి చూస్తే బాపమ్మ పొయ్యి దగ్గర అమ్మ పక్కన కూర్చుని, వేడివేడి అన్నం కలుపుకుని తింటోంది.

మరుసటి ఏడు మూడో వేషం అదే నూనెతో, అదే పెసరపిండితో గడిచింది. మొక్కు తీరింది. అప్పటి నుంచి కొత్త కుసుమ డబ్బా తెరిచినప్పుడు బాపు దేవుడి గిన్నె పక్కన ఇంకో చిన్న గిన్నె పెట్టేవాడు. అది ఇంట్లో ఆడవాళ్ళ ముఖాలకు. కూరలోకి మాత్రం మడ్డే.

వాళ్ళు ముగ్గురూ ఇప్పుడు స్వామి దగ్గర ఉన్నారు. ఆ ఇత్తడి గిన్నె నా దగ్గర ఉంది. ఇన్నేళ్ళ వాడకంతో తామర రేకులు అరిగాయి, వేలితో తడిమితేనే తెలుస్తాయి. ఉక్కపోసే సాయంత్రాల్లో కుసుమ నూనె ముందు దీపంలో పోసి, మిగిలిన చుక్కతో ముఖం తుడుచుకుంటాను, పిండితో కడిగేస్తాను. అప్పుడు నా చెంప మీద మూడు చేతులు ఉంటాయి. నాది, అమ్మది, బాపమ్మది.

ఇంతదాకా చదివినవారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, మీ ఇంట్లో నిద్రపోతున్న చిన్న ముఖాన్నో, వంటింట్లో చెమట తుడుచుకుంటున్న ముఖాన్నో తలచుకుని, నాతోపాటు అనండి. స్వామీ, నీ గిన్నెలోని తేట వీళ్ళది కూడా అని మాకు గుర్తు చెయ్యి. నువ్వు ఇచ్చిన ముఖాలను నీ ముఖాల్లా చూసుకునే చేతులు మాకు ఇవ్వు. కృష్ణా, కృష్ణా.